ఊపిరితిత్తులకు అలల పరీక్ష

దేహమునందు జరుగు ముఖ్య వ్యాపారములలో మన యిచ్ఛకు లోబడియు, లోబడకయు నడచునది శ్వాస. గుండెను ఒక్క క్షణము ఆగుమన్న ఆగదు. తిన్న అన్నమును త్వరగా అరిగింపుమన్న జఠరము వినదు. ఊపిరి మాత్రము అట్టిది కాదు. కావలెనన్న కొంతసేపు బిగబట్టగలము. దీర్ఘముగా పీల్చి బలముగా వదలగలము. దానిని మరచి నిద్రించినను అది తన పనిని నిమిషమునకు 12 మొదలు 16 పర్యాయముల వరకు చేసికొనుచునే యుండును. ఒక్కొక్క పర్యాయమునకు సుమారు అర లీటరు గాలి లోనికి పోయి వెలికి వచ్చుచుండును.

ఊపిరితిత్తుల శక్తిని కొలుచుటకు వైద్యులు బహుకాలము మొదటి విధమైన శ్వాసనే, అనగా మనము ప్రయత్నపూర్వకముగా చేయు శ్వాసనే, ఆధారము చేసికొనిరి. రెండవ విధమైన శ్వాసను, అనగా తనంతట తాను నెమ్మదిగా సాగిపోవు సహజ శ్వాసను, ఆధారముగా గొని కొలుచు పద్ధతి మరియొకటి కలదు. దానికి ఆసిలోమెట్రీ అని పేరు. తెలుగున డోలనమాపనము అనవచ్చును. డోలనమనగా ఊగిసలాట. ఊపిరితిత్తులలోనికి చిన్న చిన్న గాలి అలలను పంపి, అవి ఎట్లు పోవుచున్నవో, ఎంత అడ్డగింపబడుచున్నవో గమనించి, లోపలి మార్గముల స్థితిని తెలిసికొనుట ఈ పద్ధతి. ఇందు వాడు ముఖ్యమైన పరికరము మన శ్రోతలకు చిరపరిచితము. అది లౌడ్ స్పీకరు.

వెలుపల నుండి తట్టి లోపలి స్థితిని గ్రహించుట మనకు క్రొత్త గాదు. కుండ కొనబోయిన ఇల్లాలు వ్రేలితో తట్టి చూచి బీట ఉన్నదో లేదో చెప్పగలదు. 1761 లో ఆస్ట్రియా దేశపు వైద్యుడు ఔన్‌బ్రుగర్ రోగి రొమ్ముపై వ్రేళ్ళతో తట్టి, ఆ నాదమును బట్టి లోని వ్యాధిని గుర్తించు పద్ధతిని ప్రకటించెను. 1816 లో ఫ్రాన్సు దేశమున లెనెక్ స్టెతస్కోపును కనిపెట్టెను. ఇవి రెండును వైద్యుని చెవి మీద ఆధారపడినవి. ఊపిరిని అంకెలలో చూపించిన ఘనత లండనులోని జాన్ హచిన్సన్ అను వైద్యునిది. ఆయన 1846 లో స్పైరోమీటరు అను యంత్రమును గూర్చి వ్రాసి, నావికులు, పోలీసులు, మల్లులు మొదలగు రెండు వేలకు పైగా మనుష్యులచే అందు ఊదించి, నిండుగా పీల్చిన పిదప మనుష్యుడు ఎంత గాలిని వదలగలడో లెక్క గట్టెను. ఆ పరిమాణము మనిషి ఎత్తును బట్టి పెరుగుచుండునని కూడ ఆయనయే తెలిపెను.

నూరేండ్ల తరువాత, 1947 లో, ఫ్రాన్సు దేశస్థులైన టిఫనో, పినెల్లీ అను వారు ఈ పరీక్షకు మరియొక మెరుగు దిద్దిరి. ఎంత గాలి వదలినాడన్నది ఒక్కటియే గాక, మొదటి సెకనులో ఎంత వదలినాడన్నది ముఖ్యమని వారు చూపిరి. ఉబ్బసము వంటి వ్యాధులలో మార్గము ఇరుకైనందున గాలి వేగముగా రాజాలదు. నేటికిని వైద్యశాలలలో స్పైరోమీటరు పరీక్షకు ఈ మొదటి సెకను లెక్కయే వెన్నెముక.

స్పైరోమీటరు గొప్ప సాధనము. అందు సందేహము లేదు. కాని దానికి రోగి పూర్తి సహకారము అవసరము. గుండెల నిండ పీల్చవలెను. ఒక్క పెట్టున శక్తి కొలది ఊదవలెను. మధ్యలో ఆపక, దగ్గక, కొన్ని సెకనులు ఊదుచునే యుండవలెను. ఒకమారు గాదు, కనీసము మూడు మారులు సరిగా రావలెను. మూడు నాలుగేండ్ల పసివానికి ఈ మాట ఎట్లు చెప్పగలము? ఎనుబది యేండ్ల ముదుసలి, కండరముల బలము క్షీణించిన రోగి, మాటకే ఆయాసపడు మనిషి ఎట్లు ఊదగలరు? పరీక్ష ఎవరికి మిక్కిలి అవసరమో, వారిలో పెక్కుమందికి అది అందని ఫలమగుచున్నది. పిల్లలలో ఉబ్బసము ఐదేండ్ల లోపుననే తల యెత్తుట తరచుగా జరుగును. సరిగా ఆ వయస్సుననే స్పైరోమీటరు మనకు తోడు రాదు.

ఇది ఒక చిక్కు. రెండవ చిక్కును గ్రహించుటకు ఊపిరితిత్తుల నిర్మాణమును కొంచెము తెలిసికొనవలెను.

గొంతు నుండి దిగిన వాయునాళము రెండుగా చీలును. ఆ రెండును మరల రెండేసిగా చీలును. ఈ విధముగా సగటున 23 పర్యాయములు చీలి, తుదకు 30 కోట్లకు మించిన వాయుకోశములలో అంతమగును. వానిలో రెండు మిల్లీమీటర్ల కంటె సన్ననైన నాళములను చిన్న శ్వాసనాళములని వ్యవహరింతురు. ఒక్కొక్క నాళమును విడిగా చూచినచో అది బహు ఇరుకు. గొట్టము వ్యాసార్ధము సగమైనచో గాలి మెల్లగా సాగునపుడు అందలి నిరోధము 16 రెట్లు పెరుగునని భౌతికశాస్త్రము చెప్పుచున్నది. ఐనను అట్టి నాళములు వేలకు వేలుగా ప్రక్కప్రక్కన పని చేయుచుండుట చేత వాని మొత్తపు నిరోధము మాత్రము స్వల్పము.

ధవళేశ్వరము ఆనకట్టను చూచినవారికి ఈ విషయము సులభముగా బోధపడును. ఆనకట్ట నుండి బయలుదేరిన కాలువ పిల్లకాలువలుగా, పిల్లకాలువలు పంట బోదెలుగా చీలి పొలములకు చేరును. ఊరి చివర నాలుగు బోదెలు పూడిపోయినంత మాత్రమున తలదూము వద్ద నీటి మట్టము చూచువానికి ఏమియు తెలియదు. ఎండిపోయిన చేను గల రైతునకు మాత్రము తెలియును. చిన్న శ్వాసనాళముల వ్యాధియు ఇట్టిదే. 1967 లో పీటర్ మాక్లెం, జెర్ మీడ్ అను శాస్త్రజ్ఞులు ఆరోగ్యవంతమైన ఊపిరితిత్తుల నిరోధములో ఈ చిన్న నాళముల వాటా బహు స్వల్పమని కొలిచి చూపిరి. మరుసటి సంవత్సరము, 1968 లో, హాగ్, మాక్లెం, థర్ల్‌బెక్ అనువారు ఎంఫిసీమా అను వ్యాధి సోకిన ఊపిరితిత్తులను పరీక్షించి, అందు అవరోధమునకు ముఖ్య స్థానము ఆ చిన్న నాళములే యని కనుగొనిరి. వ్యాధి అచ్చట పుట్టును. చాలవరకు ముదిరిన పిదప గాని స్పైరోమీటరు అంకెలలో కనబడదు. అందుచేతనే 1970 లో మీడ్ ఆ భాగమును ఊపిరితిత్తుల నిశ్శబ్ద మండలమని వర్ణించెను.

ఆ నిశ్శబ్ద మండలమును పలికింపగల సాధనములలో ఒకటి డోలనమాపనము. దీనికి పునాది 1956 లో పడినది. అమెరికా దేశపు శరీరధర్మ శాస్త్రజ్ఞుడు ఆర్థర్ డుబాయ్, ఆయన సహచరులు కలిసి, మనిషి సహజముగా శ్వాసించుచుండగా వెలుపలి నుండి గాలిని లయబద్ధముగా ఊపి, ఊపిరితిత్తులును రొమ్ము గోడయు ఆ ఊపునకు ఎట్లు బదులు చెప్పునో వివరించిరి. రోగి చేయవలసిన బలప్రయోగమును యంత్రమే చేయును. రోగి ఊరక కూర్చుండి ఊపిరి పీల్చుకొనిన చాలును. ఈ మార్పు చిన్నదిగా కనబడినను, పరీక్ష స్వరూపమునే మార్చివేసినది.

యంత్రము చేయు పని ఇది. దానిలోని లౌడ్ స్పీకరు పొర, రేడియోలో వలెనే ముందునకు వెనుకకు కదలుచు, గాలిలో అలలను పుట్టించును. రేడియోలో అది సెకనుకు వందలు వేల పర్యాయములు కదలి సంగీతమగును. ఇచ్చట మాత్రము చాల మంద్రముగా, సెకనుకు 5 మొదలు 30, 40 పర్యాయముల వరకు కదలును. ఆ అలల ఒత్తిడి సుమారు రెండు మూడు సెంటీమీటర్ల నీటి మట్టము కలిగించు ఒత్తిడిని మించదు. కనుక రోగికి పెదవుల వద్ద సన్నని గుగురుపాటు వంటిది తోచునే కాని, నొప్పి గాని శ్రమ గాని కలుగదు. నోటి వద్ద అమర్చిన పరికరములు రెండు విషయములను ఏకకాలమున కొలుచుచుండును: గాలి ఒత్తిడి ఎంత, ప్రవాహము ఎంత. ఒత్తిడిని ప్రవాహముతో భాగించినచో లభించునది శ్వాసవ్యవస్థ చూపు మొత్తము అవరోధము.

రేడియో యంత్రము లోపలి భాగములను కొంచెమెరిగిన వారికి ఈ అవరోధము తెలిసిన విద్యయే. రేడియోలో రెసిస్టరు, కండెన్సరు, తీగచుట్ట అను మూడు భాగములు కలవు. శ్వాసవ్యవస్థలో నాళముల గోడలతో గాలికి కలుగు రాపిడి రెసిస్టరు వంటిది, దీనిని నిరోధమందురు. ఉబ్బి మరల ముడుచుకొనెడు ఊపిరితిత్తుల స్థితిస్థాపక గుణము కండెన్సరు వంటిది. నాళములలోని గాలికి గల జడత్వము, అనగా కదలని దానిని కదల్చుటకును, కదలుచున్న దానిని ఆపుటకును పట్టు బరువు, తీగచుట్ట వంటిది. ఈ చివరి రెండును కలిసి చూపు ప్రభావమునకు ప్రతిరోధమని పేరు. మంద్రమైన అలలకు స్థితిస్థాపకతయే ప్రధానము. అపుడు ప్రతిరోధము ఋణసంఖ్యగా నుండును. అలల వేగము హెచ్చిన కొలది జడత్వము ప్రధానమై అది ధనసంఖ్య యగును. నడుమ ఒకచోట రెండును సరితూగి సున్న యగును. మర త్రిప్పుచు స్టేషనును పట్టునపుడు యంత్రము ఒక తరంగమునకు అనునాదము చెందినట్లే ఇదియు ఒక అనునాద స్థానము. ఆరోగ్యవంతులైన పెద్దలలో ఇది సెకనుకు సుమారు 6 మొదలు 12 డోలనముల నడుమ నుండును. చిన్నపిల్లలలో అంతకంటె హెచ్చు. వ్యాధి చేత ఊపిరితిత్తులు బిగుసుకొనినను, చిన్న నాళములు మూసికొనిపోయి కొంత భాగమునకు అల చేరకపోయినను, ఈ స్థానము పైకి జరుగును.

ఒకే వేగము గల అలను గాక పలు వేగముల అలలను ఎందులకు పంపవలెను? దూరమునుండి పెండ్లి ఊరేగింపు వచ్చుచుండగా మొదట మనకు వినబడునది డోలు మ్రోత. తాళముల సవ్వడి దగ్గరకు వచ్చిన పిదప గాని తెలియదు. మంద్రధ్వని దూరము పోవును. తీవ్రధ్వని దారిలోనే అణగిపోవును. ఊపిరితిత్తులలోను ఇంచుమించు ఇట్లే సెకనుకు 5 డోలనముల అల లోతుగా చొచ్చుకొని పోవును; 20 డోలనముల అల పెద్ద నాళములలోనే చాలవరకు నిలిచిపోవును. కావున 5 వద్ద నిరోధము హెచ్చుగా నుండి, 20 వద్ద సరిగానే యున్నచో, చిక్కు లోపలి చిన్న నాళములలో ఉన్నదని వైద్యుడు అనుమానించును. రెండు చోట్లను ఒకే తీరున హెచ్చినచో పెద్ద నాళములను శంకించును. ఇది స్థూలమైన సూత్రము మాత్రమే. గాలి వివిధ భాగములకు సమముగా పంపిణీ కాకున్నను ఈ అంకెలు మారును గనుక, నిపుణుడు ప్రతిరోధమును గూడ ప్రక్కన పెట్టుకొని గాని తీర్పు చెప్పడు.

ఇంత చక్కని ఊహ 1956 లోనే పుట్టినను వైద్యశాలలకు చేరుటకు దశాబ్దములు పట్టినది. కారణము లెక్కల భారము. సంగీత కచేరిలో వీణ, వయొలిన్, మృదంగము ఏకమై మ్రోగుచున్నను మన చెవి వేనికి వానిని విడదీయగలదు. కలిసిపోయిన అలలను అట్లు విడదీయు గణితమును ఫ్రాన్సు దేశపు ఫోరియే 1822 నాటికే రచించెను. కాని చేతితో ఆ లెక్క చేయ దినములు పట్టును. 1965 లో కూలీ, ట్యూకీ అను గణితజ్ఞులు కంప్యూటరుపై దానిని అతి వేగముగా చేయు మార్గమును ప్రచురించిరి. 1975 లో మైకల్సన్, ఆయన సహచరులు లౌడ్ స్పీకరుతో అనేక వేగముల అలలను ఒక్కమారే పంపి, కంప్యూటరుతో విడదీసి చూపిరి. మరుసటి సంవత్సరమే బెల్జియము దేశపు లూవెన్ నగర శాస్త్రజ్ఞులు అట్టి పద్ధతిని ప్రకటించిరి. కంప్యూటరు చిన్నదై బల్లపైకి వచ్చిన పిదప ఈ పరీక్ష కూడ రోగి చెంతకు వచ్చినది. పరీక్ష అన్నిచోట్ల ఒక్క తీరున జరుగుటకై యూరోపియన్ రెస్పిరేటరీ సొసైటీ 2003 లో ఒకమారు, 2020 లో మరియొకమారు నియమములను వెలువరించినది.

పరీక్ష జరుగు విధమును తెలిసికొన్నచో భయము తొలగును. రోగి కుర్చీలో నిటారుగా కూర్చుండును. ముక్కునకు క్లిప్పు పెట్టుదురు. నోటిగొట్టమును పెదవులతో బిగించి పట్టవలెను. నాలుక దానికి అడ్డు రాకూడదు. రెండు అరచేతులతో బుగ్గలను గట్టిగా అదిమి పట్టవలెను. లేనిచో పంపిన అలలు ఊపిరితిత్తులకు పోవుటకు బదులు బుగ్గలను ఆడించి, లెక్కను తప్పుదారి పట్టించును. పసిపిల్లలకు తల్లి గాని పరీక్షకుడు గాని బుగ్గలు పట్టవచ్చును. పిదప చేయవలసినది మామూలుగా ఊపిరి పీల్చి వదలుటయే. పెద్దలకు 30 సెకనులు, పన్నెండేండ్ల లోపు పిల్లలకు 16 సెకనులు చాలును. దగ్గినను, గుటక వేసినను, మాటలాడినను ఆ పర్యాయమును త్రోసిపుచ్చి మరల చేయుదురు. ఒకదానితో నొకటి పొసగిన మూడు కొలతలు రావలెను. బలముగా ఊదు పని లేదు గనుక, సాధారణముగా మూడేండ్ల బిడ్డ కూడ దీనిని చేయగలదు.

ఉబ్బసమున్నదని అనుమానము కలిగినపుడు ఒకమారు కొలిచి, నాళములను విప్పారజేయు మందును పీల్పించి, కొంతసేపటికి మరల కొలుతురు. 2020 నాటి నియమముల ప్రకారము 5 డోలనముల వద్ద నిరోధము నూటికి 40 వంతులు తగ్గినచో మందునకు నాళములు చక్కగా లొంగినవని భావింపవచ్చును. పొగత్రాగువారికి, ఏండ్ల తరబడి కట్టెల పొయ్యి పొగలో వంట చేసిన స్త్రీలకు రాదగిన దీర్ఘకాలిక శ్వాసావరోధ వ్యాధిలో మరియొక విశేషము కలదు. కొందరికి ఊపిరి వదలునపుడు నాళములు నలిగి మూసికొనును. అపుడు అల వానిని దాటి లోనికి పోజాలదు. పీల్చునపుడు ఒక అంకె, వదలునపుడు మరియొక అంకె వచ్చును. ఈ భేదమును బట్టి ఊపిరి వదలునపుడు కలుగు ఆ అవరోధమును గుర్తింపవచ్చునని ఇటలీ దేశమున మిలాను నగర పరిశోధకులు 2004 లో తెలియజేసిరి.

ఈ పరీక్ష విలువను చాటిన ఒక విషాద సంఘటన కలదు. 2001 సెప్టెంబరు 11 న న్యూయార్కులో వరల్డ్ ట్రేడ్ సెంటరు భవనములు కూలినపుడు లేచిన ధూళిని వేలాది జనులు పీల్చిరి. పిదప వారిలో అనేకులు దగ్గుతో, ఆయాసముతో బాధపడుచు వైద్యుల కడకు వచ్చిరి. కొందరికి ఎక్స్‌రేలో దోషము లేదు, స్పైరోమీటరులోను లేదు. యంత్రములు బాగున్నదనుచున్నవి, రోగి బాగులేదనుచున్నాడు. అట్టి వారిని న్యూయార్కు వైద్యులు డోలనమాపనముతో పరీక్షించి, చిన్న నాళములలో వైకల్యము కలదని 2007 లో ప్రకటించిరి. తమ బాధ ఊహ గాదని ఆ రోగులకు అంకెల రూపమున సాక్ష్యము లభించినది. సాక్ష్యము లేని బాధకు చికిత్సయు సానుభూతియు రెండును కరవే గదా.

ఐనను ఏ సాధనమునైనను దాని హద్దులోనే గౌరవింపవలెను. డోలనమాపనము స్పైరోమీటరునకు తోడే గాని దాని స్థానమును ఆక్రమించునది గాదు. ఊపిరితిత్తులలో మొత్తము ఎంత గాలి పట్టునో ఇది చెప్పదు. రక్తములోనికి ప్రాణవాయువు ఎంత చేరుచున్నదో చెప్పదు. క్షయ ఉన్నదో లేదో చెప్పదు. నాళములు మూసికొనిపోవు వ్యాధిలోను, ఊపిరితిత్తి గట్టిపడిపోవు వ్యాధిలోను ప్రతిరోధము ఒకే దిక్కునకు మారవచ్చును. ఆ రెంటిని వేరుచేయుటకు ఇతర పరీక్షలు కావలెను. ఎత్తు, వయస్సు, స్త్రీ పురుష భేదము, జాతి భేదములను బట్టి సహజ పరిమాణములు మారుచుండును గనుక, వచ్చిన అంకెను తగిన జనులతోనే పోల్చవలెను. యంత్రము కూడ స్పైరోమీటరు వలె అన్ని ఊళ్ళలోను దొరకునది కాదు.

మరి ఇది ప్రతి వైద్యశాలకు వచ్చువరకు గృహస్థులు చేయదగిన దేమి? పరీక్ష ఎంత సూక్ష్మమైనను మొదట గమనింపవలసినవారు ఇంటివారే. రాత్రి రెండవ జామున బిడ్డ దగ్గుచు లేచుట, ఊపిరితో పాటు పిల్లికూతలు వినబడుట, డొక్క లెగురవేయుట, తోడి పిల్లలతో పరుగెత్తలేక ప్రక్కన కూర్చుండుట, ఇవి పెద్దయిన పిమ్మట వాటంతట అవే పోవునని సరిపెట్టుకొనదగినవి కావు. కొందరికి తగ్గవచ్చును, కాని ఏ బిడ్డకు తగ్గునో ముందుగా చెప్పగల ఇల్లు లేదు. అట్లే మెట్లెక్కునపుడు ముసలితల్లి పడు ఆయాసమును వయోధర్మమని కొట్టివేయరాదు. స్పైరోమీటరు పరీక్ష బాగున్నను బాధ నిలిచియున్నచో, చిన్న నాళములను చూచు పరీక్ష అవసరమేమో యని శ్వాసకోశ వైద్యుని అడుగుటలో తప్పు లేదు.

పీల్చెడు మందు అలవాటగునని, అది కడపటి దశలోని చికిత్సయని మన ఇండ్లలో ఒక భయము నాటుకొని యున్నది. అది నిరాధారము. మందు నేరుగా నాళములకే చేరును గనుక మ్రింగెడు మందు కంటె చాల తక్కువ మోతాదుతో పని జరుగును. వైద్యుడు చెప్పక దానిని మానుటయే ప్రమాదము. ఇక పొగాకు పొగను, వంటింటి పొగను ఇంటి నుండి వెడలగొట్టుటకు ఏ యంత్రముతోను పని లేదు.

ఆరోగ్యవంతుడు ఊపిరిని మరచి బ్రతుకును. ఊపిరి కొఱకు ప్రయాసపడువాడు దానిని క్షణమైనను మరువజాలడు. బలముగా ఊదలేని పసివానిని, వృద్ధుని, దుర్బలుని ప్రయాసపెట్టక, వారి సహజ శ్వాస మీదనే మెల్లని అలలను పంపి లోగుట్టు తెలిసికొనుట ఈ పద్ధతిలోని మేలు. పాటను మోసికొని వచ్చు లౌడ్ స్పీకరే రోగి ఊపిరి కథను కూడ వైద్యునికి వినిపించుచున్నదని తెలిసికొన్నచో మన శ్రోతలు సంతోషింపక యుండరు.